దాంపత్యము – గుట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఏ పల్లె గ్రంథాలయమునకు పోయి అలమర తలుపు తీసి చూచినను ఒక సంగతి తెలియును. ప్రబంధములు పెట్టినవి పెట్టినట్లే యుండును. అపరాధ పరిశోధక నవలలకు మాత్రము అట్టలూడి, పుటలు నలిగి, మూలలు మడిగి యుండును. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ తెలుగుదేశమున ఎందరి నిద్ర చెరచెనో లెక్క లేదు. ఇందులకు పాఠకులను నిందింప బనిలేదు. మూసిన గుప్పిలి చూచిన పసిబిడ్డ ఊరకుండునా? దాచినదానిని తెలిసికొన గోరుట మనుష్యునకు పుట్టుకతో వచ్చిన గుణము.

తొలినాటి ఆ కథలలో దొంగయు హంతకుడును బయటినుండి వచ్చెడివారు. పోను పోను కథ గడప దాటి లోపలికి వచ్చినది. ఇప్పుడు పడకటింటిలోనే కథ నడచును. పాత్రలు ఇద్దరే, ఆలుమగలు. ఒకరు దేనినో దాచుచుందురు. రెండవవారు దానిని త్రవ్వుచుందురు. ఇట్టి రచనలకు ఇంగ్లీషువారు సైకలాజికల్ థ్రిల్లర్ అని పేరు పెట్టిరి. మనసులో పుట్టిన భయమును మనసులోనే పెంచి పాఠకుని ఊపిరి బిగబట్టించు కథ అని దానికి అర్థము చెప్పుకొనవచ్చును. ఇది పాశ్చాత్యుల సొత్తనియు, మన పూర్వులు ఎరుగనిదనియు కొందరు తలతురు. అది సరికాదు. దాంపత్యములోని గుట్టును గూర్చి మన కావ్యములు చెప్పినది చాల గలదు. ఆ చెప్పినది నేడు ఈ ఉద్దానపు తీరమున బ్రతుకువారికి మిక్కిలి అవసరము కూడ.

పెండ్లిని గూర్చి తెలుగువారిలో రెండు సామెతలు గలవు. వేయి అబద్ధములాడి యైనను ఒక పెండ్లి చేయవలెనన్నది ఒకటి. ఇంటిగుట్టు లంకకు చేటన్నది రెండవది. విడివిడిగా వినినపుడు రెండును లోకజ్ఞానముగనే తోచును. ప్రక్కప్రక్కన నిలిపి చూచిన మాత్రము గుండె ఝల్లుమనును. మొదటిది అబద్ధమును ఇంటిలోనికి రానిచ్చుచున్నది. రెండవది నిజమును బయటికి పోనీయకున్నది. ఈ రెంటి నడుమ చిక్కిన కోడలిపిల్ల గతి యేమి? అల్లుని గతి యేమి?

లంక మాట వచ్చినది గనుక దానినే విచారింతము. లంకకు చేటు తెచ్చినది విభీషణుడు చెప్పిన గుట్టా? కాదు. పరభార్యను తెచ్చి అశోకవనమున నిలిపి, తన ఇల్లాలు మండోదరి యుండగా, తమ్ముడు వలదనుచుండగా, వదలలేక పోయిన రావణుని పట్టు. విభీషణుడు చెప్పకున్నను ఆ పట్టు లంకను కాల్చియే యుండును. కావున సామెత తప్పును గుట్టు చెప్పినవాని నెత్తిన వేసి, దాచినవానిని విడిచిపెట్టినది. లోకము తరచుగా చేయు పొరపాటు ఇదియే.

ఇక్కడ మూడు మాటలను వేరు చేసికొనవలసి యున్నది: గుట్టు, మోసము, పట్టు. గుట్టు ఇద్దరి మధ్యనో, ఒకరి మనసులోనో ఉండి ఇతరులకు కీడు చేయనిది. మోసము ఒకరు దాచగా రెండవవారు మూల్యము చెల్లించునది. పట్టు అనగా ఎదుటివారి మనసును, గతమును, ఊపిరిని సైతము తన స్వాధీనమున ఉంచుకొనవలెనను తీరని ఆరాటము. కాపురమును కాచునది మొదటిది. కూల్చునవి తక్కిన రెండు.

పదునారవ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున ఈ మూడింటికిని ఉదాహరణములు కలవు. అందు సుగాత్రీ శాలీనుల కథ గుట్టునకు చక్కని దృష్టాంతము. సుగాత్రి కాశ్మీరమున శారదాపీఠపు అర్చకుని కుమార్తె. శాలీనుడు ఆమె భర్త, ఇల్లరికపుటల్లుడు. తల్లి కూతును నగలతో, పట్టుబట్టలతో సింగారించి అల్లుని గదికి పంపును. అతడు సిగ్గుపడి కన్నెత్తి చూడడు. అత్తకు కోపము వచ్చి అల్లుని పూలతోట పనికి పెట్టును. ఒకనాడు పెద్దవాన కురియగా, భర్త ఏమై పోయెనో యని సుగాత్రి తోటకు పరుగెత్తును. నగలు తీసివేసి, అతనితోపాటు మట్టిపని చేయును. ఆ పనిచేయు ఇల్లాలిని చూచి శాలీనుని మనసు కరగును. ఇంటికి వచ్చి మరల అలంకరించుకొన్నచో మరల వెనుకటి సిగ్గే. ఆ కాపురపు మర్మము తోటకు తెలియును గాని ఇంటివారికి తెలియదు.

ఉద్దానమన్న పేరు ఉద్యానము నుండి వచ్చినదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల నీడలో ఆలుమగలు కలసి పనిచేయు ఈ ప్రాంతమువారికి సూరన చెప్పినది వేరుగ వివరింప నక్కరలేదు. ఇద్దరి మధ్య నున్న ఇట్టి గుట్టును తల్లియైనను అడుగరాదు, పొరుగువారు ఊహింపరాదు. దానివలన నష్టపడినవారు లేరు.

ఆ కావ్యముననే పట్టునకు దృష్టాంతము మణికంధరుని కథ. అతని తపస్సు చెరుపుటకు వచ్చిన రంభ, అతని కౌగిట నుండియు, మైమరచి తన ప్రియుడైన నలకూబరుని పేరు పలుకును. ఆ ఒక్క పేరు ములుకువలె నాటుకొనును. ఆమె మనసులోని మగవాడు తానే కావలెనని మణికంధరుడు నలకూబరుని రూపము దాల్చును. అటు నలకూబరుని చూచి మోహించిన కలభాషిణి రంభ రూపము దాల్చును. మాయరంభయు మాయనలకూబరుడును కలిసికొందురు. ఇద్దరు రంభలు ఎదురుపడి నేనే రంభనని తగవులాడుకొందురు. కోరినది దొరకెనని ఇద్దరును తలచిరి. కాని మణికంధరుని మణికంధరుడుగా ప్రేమించినవారు అక్కడ లేరు. కలభాషిణిని కలభాషిణిగా చూచినవారును లేరు. పట్టు పట్టినవాడు ఎదుటివారిని గెలువలేడు సరికదా, తన ముఖమును కూడ పోగొట్టుకొనును. నాలుగువందల యేండ్లకు పూర్వము వ్రాసిన ఈ కథలోని బిగువు నేటి ఏ నవలకును తీసిపోదు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు దీనిని ఇంగ్లీషున వెలువరించుచు, ఎన్నడును చెప్పరాని కథ యను అర్థము వచ్చు మారుపేరు కూడ పెట్టిరి.

దాచినదానిని తెలిసికొనుట తప్పా? కానే కాదు. ఎట్లు తెలిసికొనవలెనో మహాభారతమున దమయంతి చూపినది. నలుడు అడవిలో ఆమెను విడిచిపోయి, కర్కోటకుని వలన రూపు మారి, బాహుకుడను పేర అయోధ్యాధిపతి ఋతుపర్ణునికడ సారథిగా నుండెను. దమయంతి పుట్టింట కూర్చుండి ఏడ్చుచు ఉండలేదు. పర్ణాదుడను విప్రునిచేత, భర్తకు మాత్రమే తెలియదగిన మాటలు దేశదేశములకు పంపినది. బాహుకుని బదులు వినిన పిదప, మరునాడే తనకు పునఃస్వయంవరమని ఋతుపర్ణునకు కబురు పంపినది. ఒక్కనాటిలో అంతదూరము రథము తోలగలవాడు నలుడొక్కడే యని ఆమె యెరుగును. రథము వచ్చిన తరువాత కేశిని యను చెలికత్తెను పంపి బాహుకుని నడవడి చూడుమన్నది. అతడు వండిన వంట తెప్పించి రుచి చూచినది. చివరకు బిడ్డలను పంపినది. బిడ్డలను చూచి అతడు కంట నీరు పెట్టుకొనెను. అప్పుడుగాని ఆమె ఎదుటికి వచ్చి అడుగలేదు.

ఇంతకు మించిన పరిశోధన ఏ నవలలోనున్నది? ఒక భేదము మాత్రము గమనింపవలెను. దమయంతి వెదకినది భర్త దోషమును కాదు, భర్తను. ప్రతి పరీక్షలోను ఆమె మనసు, ఇతడు నలుడే కావలెనని కోరుచున్నది. అనుమానించువారు ఇందుకు విరుద్ధముగా నుందురు. షేక్‌స్పియరు నాటకమున ఒథెల్లోకు ఇయాగో చూపిన సాక్ష్యమంతయు ఒక చేతిరుమాలు. అది తన భార్యచేతినుండి ఎట్లు జారెనో అతడు విచారింపలేదు. ఆమె తప్పు చేసియే యుండవలెనని మనసు ముందే తీర్పు చెప్పినది. నిర్దోషియైన డెస్డిమోనా ఊపిరాడక మరణించినది. అన్వేషణకు కన్నులు గలవు, అనుమానమునకు లేవు.

ఇక మోసము. 1938లో ఇంగ్లాండున పాట్రిక్ హామిల్టన్ అను రచయిత గ్యాస్‌లైట్ అను నాటకము వ్రాసెను. మానింగ్‌హాం అనువాడు భార్య బెల్లాకు మతి చలించినదని ఆమెనే నమ్మించును. గోడమీది పటమును తానే తీసి దాచి, ఎందుకు తీసితివని ఆమెను గద్దించును. వస్తువులు తానే మాయముచేసి మరపు ఆమె దందును. ప్రతిరాత్రియు బయటికి పోయినట్లు నటించి, అదే ఇంటి మీది అంతస్తునకు చేరి, పూర్వము అచ్చట హత్యచేయబడిన స్త్రీ రత్నములకై వెదకును. అతడు పైన దీపము వెలిగించినపుడెల్ల క్రింద బెల్లా గదిలోని గ్యాసు దీపము మసకబారును. దీపము తగ్గుట ఆమె కన్నులారా చూచును, కాని తన కన్నులను తానే నమ్మలేకుండును. 1944లో వచ్చిన చలనచిత్రమున ఈ పాత్రను ధరించి ఇంగ్రిడ్ బెర్గ్మన్ ఆస్కారు బహుమతి పొందినది. ఎదుటివారిని వారి బుద్ధినే శంకించుకొనునట్లు చేయుటకు నేడు ఇంగ్లీషున ఆ నాటకము పేరే క్రియాపదమైనది. అమెరికా నిఘంటువు మెరియమ్ వెబ్‌స్టర్ 2022 సంవత్సరపు మాటగా దానిని ఎన్నుకొన్నది.

ఈ కథ దూరదేశపు సంగతి యని తోచునా? నీకేమి తెలియును, నీకు పిచ్చి పట్టినది, నీవు చూచినది చూడనేలేదు అని రోజుకొకమారు విను ఇల్లాండ్రు ప్రతి ఊరను గలరు. అట్లే కిక్కురుమనక వినెడి మగవారును లేకపోలేదు. దెబ్బ తగిలిన ఒంటిపై గుర్తుండును. ఈ గాయమునకు గుర్తు లేదు. మాటలచేత, మనసు నొప్పించుటచేత కలుగు హింసయు హింసయే యని 2005లోని గృహహింస నిరోధక చట్టము ఒప్పుకొన్నది.

తెలుగు కథ ఆధునిక రూపము దాల్చినది కూడ ఇట్టి గుట్టుతోనే. 1910లో గురజాడ అప్పారావుగారు ప్రకటించిన దిద్దుబాటు కథలో గోపాలరావు అర్ధరాత్రి దాటిన తరువాత ఇల్లు చేరును. సభల పేరు చెప్పి అతడు పోవునది వేశ్య పాటకు. ఆనాడు ఇంట భార్య కమలిని లేదు, ఆమె వ్రాసిన ఉత్తరము మాత్రము గలదు. అతడు పడిన ఆందోళన, తెచ్చుకొన్న పశ్చాత్తాపము అయిన తరువాత, మంచము క్రిందనుండి నవ్వు వినబడును. కమలిని అతని మోసమును బజారున పెట్టలేదు, అట్లని మ్రింగి ఊరకుండనులేదు. ఇల్లు వదలక, మాట వదలక, ఒక్క రాత్రి అతనిని తన మనసులోనికి తానే చూచుకొనునట్లు చేసినది. శ్రీకాకుళమున 1922లో జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు అల్పజీవి నవలలో సుబ్బయ్య యను చిన్న ఉద్యోగి మనసులోని పిరికితనమును లోపలినుండియే చూపిరి. దాచువాడు ఎల్లప్పుడు దుర్మార్గుడే కాడు, పెక్కుమారులు భయపడినవాడు మాత్రమే యని ఆ నవల చదివినవారికి తోచును. ఈ మాట గుర్తుంచుకొనవలెను. దీనితో అవసరము ముందు రానున్నది.

పుస్తకములు ప్రక్కన పెట్టి ఇప్పుడు ఈ తీరమునకు వత్తము. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్ల దీపములు ఆర్పినదో ఈ సభలోనివారికి చెప్పనక్కరలేదు. శాస్త్రజ్ఞులు దశాబ్దములుగా పరిశోధించుచున్నను ఇదియే కారణమని తేలలేదు. రోగము మొదటి దశలో నొప్పి యుండదు, గుర్తు పట్టుటకు చిహ్నము కనబడదు. రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొన్ననే తెలియును. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. చికిత్స దగ్గరకు వచ్చినది. అయినను భయము దూరము కాలేదు. ఆ ఊరివారికి పిల్లనిత్తుమా, ఆ ఊరి పిల్లను తెత్తుమా యని పొరుగువారు సందేహింతురు. ఆ సందేహమునకు వెరచి ఇంటివారు దాతురు.

ఒక ఇంటిని ఊహింపుడు. కుమారునకు క్రియాటినిన్ ఉండవలసినదానికంటె ఎక్కువ యున్నదని తలిదండ్రులకు తెలియును. సంబంధము తప్పిపోవునని కాగితము పెట్టె అడుగున దాచిరి. కుర్రవాడు బంగారము బావా, వంక పెట్టుటకు లేదు అని మధ్యవర్తి పిల్ల తండ్రికి నచ్చజెప్పెను. పెండ్లి జరిగినది. పదునైదు దినముల కొకమారు భర్త పలాస పోవును. ఎక్కడికని భార్య అడిగిన పని యున్నదనును. ఒకనాడు బియ్యపు డబ్బాలో చేయిపెట్టగా మాత్రల అట్ట దొరకినది. అడుగగా, నీవే ఎక్కడినుండియో తెచ్చి నన్నడుగుచున్నావా యని అతడు కసరెను. అత్త విననట్లు నటించినది. ఆమెకు రోగము తట్టలేదు, పలాసలో మరియొక స్త్రీ యున్నదని తట్టినది. చొక్కా జేబులు వెదకుట, సెల్‌ఫోను చూచుట, బస్సు ఎక్కువరకు వెంట నడచుట మొదలైనది. నిద్ర పోయినది, తిండి పోయినది. అతడేమో భయముచేత నోరు విప్పడు. ఇద్దరును ఒకే మంచముపై, ఒకరినొకరు ఎరుగని మాయరంభ, మాయనలకూబరులైరి. ఏడాది గడచిన పిదప ఒకనాటి రాత్రి అతడు ఆయాసపడి కూలగా, ఆసుపత్రిలో డాక్టరు నోట ఆమెకు నిజము తెలిసినది.

ఆ క్షణమున ఆమె ఏమని యుండును? రోగి యని తెలిసినందులకు కోపపడి యుండదు. ఇంటిలోని ముగ్గురికి తెలిసి తన కొక్కతెకు తెలియదే, తాను ఈ ఇంటి మనిషిని కాదా, అని మాత్రము తప్పక అడిగియుండును. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలవారు ఎవ్వరును లేరు. రోగము విధివశమున వచ్చినది. దాచుట మనుష్యులు చేసినది. ముందుగా చెప్పినచో తినుతిండి, త్రాగునీరు, మందు సరిచూచుకొని ఇద్దరును కలసి పోరాడియుందురు. ఆ యేడాది కాలము వైద్యమునకు పనికివచ్చెడిది, అనుమానమునకు ఖర్చయినది.

డాఫ్నే డు మారియే 1938లో వ్రాసిన రెబెక్కా నవలలో, చనిపోయిన మొదటి భార్యను గూర్చిన గుట్టు ఆ మహాభవనము నంతటిని క్రమ్ముకొని యుండును. తుదకు బయటపడిన ముడులలో ఒకటి, ఆమె తన ప్రాణాంతకమగు వ్యాధిని అందరికడ దాచుట. కథ చదువువారికి అది మలుపు. ఉద్దానమున అది ఒక ఆడపిల్ల జీవితము.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము పండ్రెండవ సెక్షను ప్రకారము, వధువును గూర్చియో వరుని గూర్చియో ముఖ్యమగు సంగతిని మోసపుచ్చి సమ్మతి పొందిన వివాహమును రద్దుచేయుమని కోర్టును కోరవచ్చును. మోసము తెలిసిన యేడాదిలోపల అర్జీ పెట్టవలెను, తెలిసిన తరువాత ఇష్టపడి కాపురము చేసి యుండరాదు. కాని కోర్టు చేయగలది ముడి విప్పుట వరకే. చట్టము తెలిసికొనుట మంచిది, చట్టము అవసరము రాకుండ బ్రతుకుట మరింత మంచిది. మానవ అవయవ మార్పిడిని గూర్చిన 1994 నాటి చట్టము భార్యను భర్తకు, భర్తను భార్యకు దగ్గరి బంధువుగా లెక్కించి మూత్రపిండము దానము చేయుటకు అర్హత నిచ్చినది. శరీరములోని భాగము నిచ్చుటకు తగినంత దగ్గరివారికి, శరీరములోని రోగమును చెప్పుటకు మాత్రము తగనంత దూరమా?

కావున చెప్పదలచినది ఇంతియే. ప్రతి గుట్టును ఒక్క ప్రశ్నతో పరీక్షింపవచ్చును. దీనికి మూల్యము ఎవరు చెల్లించుచున్నారు? దాచినవాడే చెల్లించుచున్నచో అది అతని గుట్టు, దానిని గౌరవింపుడు. సుగాత్రి పూలతోటవలె దాని జోలికి పోకుడు. ఎదుటివారు తెలియకయే చెల్లించుచున్నచో అది గుట్టు కాదు, చిట్టాకెక్కని అప్పు. వడ్డీ పెరుగక ముందే చెప్పివేయవలెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాసకడ తీరము దాటి కొబ్బరిచెట్లను కూల్చిన నాడు ఎందరు మగవారు ఇల్లాండ్రకు చెప్పక అప్పులు చేసి యుందురో! అదియు ఈ పద్దుననే చేరును.

చెప్పుట సులభమా? కాదు. విధముండవలెను. పలాసలో జీడిపిక్కలు కొట్టు స్త్రీలకు ఇది బాగుగ తెలియును. పచ్చిపిక్కను తొందరపడి పగులగొట్టిన పెంకులోని జీడి చిమ్మి చేతులు పొక్కును, పప్పు ముక్కలగును. కాల్చియో ఆవిరిపట్టియో ఆరనిచ్చి, చేతికి నూనెయో బూడిదయో రాచుకొని, నేర్పుగా కొట్టినచో పప్పు విరుగక వచ్చును. దాంపత్యములోని నిజమును కూడ అట్లే తీయవలెను. చెప్పువాడు భయమును కొంత ఆరనిచ్చి చెప్పవలెను. వినునది కోపముతో కొట్టక వినవలెను. పెండ్లిచూపులనాడు పసుపు కుంకుమలతోపాటు ఇద్దరి రక్తపరీక్షల కాగితములును పళ్ళెమున నుంచుకొని మాటలాడు ఆచారము ఈ ప్రాంతమున మొదలైనచో, అందువలన తప్పిపోవు సంబంధములు కొన్ని యుండవచ్చును. నిలుచు కాపురములు అంతకంటె ఎక్కువ యుండును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపు తెరచియే యున్నది. పుస్తకమును దాచుకొనుటకు గాక ఇచ్చి పుచ్చుకొనుటకు ఇది పెట్టబడినది. ఇచ్చట పుస్తకము తీసికొనిపోవువారు రాత్రి దీపము ముందు ఉత్కంఠతో చివరి పుట వరకు చదువుదురు గాక. ఆ పుస్తకము మూసిన తరువాత, ప్రక్కనున్న మనిషితో ఇన్నాళ్ళు చెప్పక దాచిన మాట ఒకటి చెప్పగలిగిరేని, ఈ రజతోత్సవము సార్థకమైనట్లే.

స్వస్తి.